గిడుగు మాస్టారు, పిల్లల ఇంటి భాష



ఆగస్టు 29న మన క్యాంపస్‌లన్నిటిలో తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. మీ అమ్మాయి పట్టు పరికిణీ కట్టుకుని, మీ అబ్బాయి పంచె కట్టుకుని వచ్చి స్టేజి మీద ఒక పద్యం చెబుతారు. పక్కన బల్ల మీద పూలదండ వేసిన ఫొటో ఒకటి ఉంటుంది. అది గిడుగు వెంకట రామమూర్తి గారిది. ఆయన పుట్టినరోజునే మనం ఆ పండుగ చేసుకుంటున్నాం. ఆయన ఎవరని పిల్లలను అడిగితే వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అని గడగడా చెప్పేస్తారు. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకు అదే జవాబు.

ఈ నెల ఆయన గురించి మీకు ఇంకొంచెం చెప్పాలనిపించింది. దానికి కారణం ఉంది. నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల తల్లిదండ్రులు ప్రతి ఏడాదీ మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంట్లో పిల్లలతో తెలుగులో మాట్లాడాలా, ఇంగ్లీషులో మాట్లాడాలా? తెలుగులో మాట్లాడితే క్లాసులో వెనకబడతారేమోనని ఒక భయం. ఇంగ్లీషులో మాట్లాడదామంటే ఇంట్లో నానమ్మకు రాదు, కొన్నిసార్లు మనకూ అంతగా రాదు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి అయినప్పుడు పసిపిల్లల చదువు ఏమవుతుందన్న ప్రశ్నను నూట పాతికేళ్ల కిందటే ఒక స్కూల్ మాస్టారు పట్టుకున్నారు. ఆయన జీవితంలో సగానికి పైగా దానికే పోయింది. అదంతా చదివాక మీ ఇంటి సంగతి మీరే నిర్ణయించుకోవచ్చు.

వంశధార ఒడ్డున బాల్యం

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట అనే పల్లెలో పుట్టారు. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో, వంశధార ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. అప్పట్లో అది గంజాం జిల్లా, మద్రాసు రాజధాని. తండ్రి వీరరాజు గారు పర్లాకిమిడి జమీందారీ కొలువులో ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. కొడుక్కి పన్నెండేళ్లు వచ్చేసరికి, 1875లో, తండ్రి విషజ్వరంతో చనిపోయారు.

ఆ తర్వాత ఆయన విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. ఇద్దరు కుర్రాళ్లు ఒకే బడిలో చదివి, పెద్దయ్యాక తెలుగు రాసే తీరునే మార్చేశారన్న సంగతి మన పిల్లలకు చెప్పదగినది.

1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఆ ఏడే పెళ్లి కూడా అయింది. ఇల్లు గడవాలి కాబట్టి పై చదువు ఆగిపోయింది. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఫస్ట్ ఫారానికి చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరారు. జీతం 30 రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. పూర్తిచేశారు. ఆ స్కూల్ కాలేజీ అయ్యాక కాలేజీ క్లాసులకూ పాఠాలు చెప్పారు.

ఆయన చదువుకున్న తీరును మీరు కాస్త గమనించాలి. ముఖలింగం గుడి గోడల నిండా పాత శాసనాలు ఉన్నాయి. వాటిని చదవడం నేర్పే గురువు దగ్గరలో ఎవరూ లేరు. ఆయన పుస్తకాలు తెప్పించుకుని, పాత లిపులు సొంతంగా నేర్చుకుని, ఆ శాసనాలు చదివారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని ఆధారాలతో వాదించి వ్యాసాలు రాశారు. తెలియని అక్షరం ఎదురైతే దాని ముందు కూర్చుని తేలేదాకా లేవకపోవడం ఆయన స్వభావం. సవరల విషయంలో ఆ స్వభావమే పనికొచ్చింది.

పుస్తకం లేని భాష

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. ఇప్పుడు మన వైపు సీతంపేట ప్రాంతంలోనూ, ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల్లోనూ ఎక్కువగా ఉన్నారు. ఆ రోజుల్లో వాళ్లు కొండ పంట అమ్ముకోవడానికి సంతకు దిగివచ్చేవారు. షావుకారు రాసే లెక్క, కచేరీలో చదివే కాగితం వాళ్లకు తెలియని భాషల్లో ఉండేవి. వాళ్ల పిల్లలకు బడి లేదు. ఉన్నా అక్కడ చెప్పేది తెలుగో ఒడియానో అయ్యేది, సవర కాదు.

ఈ పిల్లలకు చదువు చెప్పాలని రామమూర్తి గారికి కోరిక కలిగింది. మామూలుగా ఎవరైనా అయితే సవర పిల్లలకు ముందు తెలుగు నేర్పాలి అనుకుంటారు. ఆయన ముందు తాను సవర నేర్చుకోవాలి అనుకున్నారు.

నేర్చుకోవడానికి పాఠ్యపుస్తకం లేదు, నిఘంటువు లేదు. ఆ భాషకు అప్పటికి రాత కూడా లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకతన్ని ఇంట్లోనే పెట్టుకున్నారు. అతను పలికింది వినడం, తిరిగి పలకడం, తప్పయితే సరిదిద్దించుకోవడం, ఇలా ఏళ్ల తరబడి సాగింది. కొండల్లోకి వెళ్లి సవర పల్లెల్లో తిరిగారు. ఈ రోజుల్లో ఇమ్మర్షన్ అని మనం గొప్పగా చెప్పుకునే పద్ధతి అదే. తేడా ఏమిటంటే ఇక్కడ తెలియని భాషలో దిగినది మూడేళ్ల పిల్లవాడు కాదు, బడిలో పాఠాలు చెప్పే మాస్టారు. నోట్లో మాట తిరగక, చెప్పాలనుకున్నది చెప్పలేక ఉండటం ఎలా ఉంటుందో ఆయనకు సొంతంగా తెలిసింది.

సవర మన తెలుగుకు చుట్టం కాదు. తెలుగు ద్రావిడ భాష, సవర ముండా భాష. కుటుంబమే వేరు. గొంతులో గాలిని ఒక్కసారి బిగబట్టి వదిలే ధ్వనులు అందులో ఉన్నాయి. మన వర్ణమాలలో వాటికి అక్షరం లేదు. అంకెలు లెక్కపెట్టే తీరు కూడా వేరే. మనం పది దాటాక పదకొండు, పన్నెండు, పదమూడు అంటాం. పదమూడులో పది, మూడు కలిసి ఉన్నాయి. సవరలు పన్నెండు దాకా లెక్కపెట్టి, పదమూడును పన్నెండు మీద ఒకటి అంటారు. ఇరవై వచ్చాక ఇరవైల లెక్క మొదలవుతుంది. ముప్పై మూడు అనాలంటే ఒక ఇరవై, పన్నెండు, ఒకటి అని చెప్పాలి.

ఇప్పుడు ఒక సవర పిల్లవాణ్ణి ఊహించుకోండి. ఆరేళ్లు వచ్చాయి. కొండ మీద మేకలు లెక్కపెట్టి సాయంత్రం తప్పిపోకుండా తోలుకొస్తాడు. ముప్పై మూడు మేకలుంటే ముప్పై మూడూ చూసుకుంటాడు. వాణ్ణి తెలుగు బడిలో కూర్చోబెట్టి పది మీద మూడు ఎంత అని అడిగితే దిక్కులు చూస్తాడు. సవర రాని మాస్టారికి వీడికి లెక్కలు రావు అనిపిస్తుంది. సవర వచ్చిన మాస్టారికి, వీడికి లెక్క వచ్చు, మన మాట రాదు అని అర్థమవుతుంది. ఇద్దరు మాస్టార్లూ మంచివాళ్లే కావచ్చు. కానీ ఒకరు ఆ పిల్లవాణ్ణి మొద్దు అని ఇంటికి పంపేస్తారు, ఇంకొకరు పై పాఠానికి తీసుకెళ్తారు.

సొంత డబ్బుతో బడులు

రామమూర్తి గారు సవర భాషలో పిల్లలు చదువుకునే పుస్తకాలు తయారుచేశారు. సవరల పాటలు, కథలు సేకరించారు. సొంత డబ్బుతో బడులు పెట్టించి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పే ఏర్పాటు చేశారు. తెలుగు మాటలకు సవర అర్థాలిచ్చే నిఘంటువు కూడా కూర్చారు. దీన్నిబట్టి ఆయన ఆలోచన తెలుస్తుంది. సవర పిల్లలు తెలుగుకు దూరంగా ఉండాలని ఆయన కోరుకోలేదు. తెలిసిన మాట మీద నిలబడి తెలియని మాటను అందుకోవాలన్నారు.

ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం ప్రతిఫలం ఇస్తామంటే ఆయన తీసుకోలేదు. ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని కోరారు. 1913లో ప్రభుత్వం ఆయనకు రావు బహదూర్ బిరుదు ఇచ్చింది.

ఈ పని వల్ల ఆయన పోగొట్టుకున్నదీ ఉంది. ఆ కొండలు మన్యపు జ్వరాలకు పేరుపడ్డవి. తిరిగినన్నాళ్లూ జ్వరాలు పట్టుకున్నాయి. వాటికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. చెముడు వచ్చేసింది. ఒక భాషను కేవలం చెవితో విని నేర్చుకున్న మనిషికి ఆ భాష కోసం తిరిగిన తిరుగుడులోనే చెవులు పోయాయి. అయినా పని ఆపలేదు. దాదాపు ముప్పై అయిదేళ్ల శ్రమ తర్వాత 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు ప్రభుత్వ ముద్రణలో వెలువడ్డాయి. ఆయన కుమారుడు గిడుగు సీతాపతి గారు తండ్రి పక్కన ఉండి సవర భాష పనిలో భాగం పంచుకున్నారు, తర్వాతా కొనసాగించారు. ఇంట్లో తండ్రి దేని కోసం కష్టపడుతున్నారో పిల్లలు చూస్తూనే ఉంటారు కదా.

తెలుగు పిల్లలకు తెలుగు కష్టమైన రోజులు

సవర పిల్లల కష్టం చూసిన మాస్టారికి కొంతకాలానికి ఇంకో సంగతి కనిపించింది. తన క్లాసులో కూర్చున్న తెలుగు పిల్లల పరిస్థితి కూడా అదే.

అప్పటి పాఠ్యపుస్తకాల తెలుగు ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు. ఇంట్లో వస్తున్నాడు అనే పిల్లవాడు పుస్తకంలో వచ్చుచున్నాడు అని చదవాలి. వెళ్తాను అనేవాడు పోయెదను అని రాయాలి. వాక్యం వాక్యానికీ సంధులు కలపాలి, అరసున్నలు చూసుకోవాలి. తన సొంత భాషలో ఉన్న పాఠానికే అర్థాలు కంఠస్థం చేయాలి. పరీక్షలో ఇంట్లో మాట్లాడే మాట రాస్తే తప్పు కింద కొట్టేసేవారు.

1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర జిల్లాల స్కూళ్లకు ఇన్‌స్పెక్టర్‌గా వచ్చారు. క్లాసుల్లో తెలుగు పాఠం చెప్పే తీరు చూసి, పుస్తకంలోని తెలుగుకూ పిల్లలు మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని విశాఖపట్నంలో, విజయనగరంలో తనకు తెలిసిన పెద్దలను అడిగారు. విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఈ ప్రశ్న మీద ఒకటయ్యారు. రామమూర్తి గారు ఐరోపా పండితులు రాసిన ఆధునిక భాషాశాస్త్ర గ్రంథాలు చదివి, తనకు అనుభవంలో తెలిసినదానికి శాస్త్రంలో ఆధారాలు వెతికారు. 1911లో ముప్పై ఏళ్ల సర్వీసు ముగియగానే రిటైరై, మిగతా జీవితమంతా ఈ పని మీదే పెట్టారు.

ఆ తర్వాత జరిగింది చిన్న గొడవ కాదు. స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసం వాడుక భాషలో కూడా రాయవచ్చని 1912–13లో అనుమతి వచ్చింది. పండితులు భగ్గుమన్నారు. జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా ఎదురు నిలిచింది. వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసేయనక్కర్లేదు. ఒక్కో జిల్లా మాట ఒక్కో రకంగా ఉంటుంది, ఏ మాటకు ఆ మాట రాస్తే అందరికీ పనికొచ్చే భాష మిగలదేమో, నన్నయ నుంచి వస్తున్న సాహిత్యం రేపటి పిల్లలకు అందకుండా పోతుందేమో అన్నది వాళ్ల బెంగ. రామమూర్తి గారు దానికి కోపంతో కాక ఉదాహరణలతో జవాబిచ్చారు. పాత గ్రంథాలన్నీ తిరగేసి, పెద్ద కవులు కూడా తమ కాలపు వాడుక మాటలు వాడారని చూపించారు. 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో ఒక మెమొరాండం అచ్చువేశారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టే పండితులు కూడా తమ పుస్తకాల్లో ఎన్నిచోట్ల ఆ నియమాలు తప్పారో లెక్క తీసి బయటపెట్టారు.

అయినా ఆ మొదటి విడతలో ఆయన పక్షం ఓడిపోయింది. వాడుక భాషకు ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. 1915లో గురజాడ చనిపోయారు. అప్పటికి రామమూర్తి గారికి యాభై రెండేళ్లు. వినికిడి లేదు, ఉద్యోగం లేదు, పక్కన ఉండాల్సిన స్నేహితుడు లేడు. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం గారు తన జీవితం చివరి రోజుల్లో దానికి అధ్యక్షులుగా ఉండటానికి ఒప్పుకున్నారు. కార్యదర్శి గిడుగు. ఆ ఏడే ఆయన తెలుగు అనే మాసపత్రిక పెట్టారు, ఒక ఏడాది నడిపారు. ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తే వాడుక భాష మీద తన నిషేధాన్ని ఎత్తేసింది. పత్రికలు ఒకటొకటిగా మారాయి. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ వాక్యం ఈ రూపంలో ఉండటానికి ఆ మాస్టారు కూడా ఒక కారణం.

చివరి రోజులు

1936 ఏప్రిల్ 1న ఒడిశా కొత్త రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి దానిలో చేరింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఆ ఊరు అటు పోవడాన్ని రామమూర్తి గారు వ్యతిరేకించారు. యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరిని వదిలి రాజమండ్రి వచ్చేశారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై రెండు దాటింది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర పత్రిక కార్యాలయంలో పత్రికా సంపాదకులను కలిసి, వాడుక భాష విషయంలో తన చివరి విన్నపం వినిపించారు. వారం తిరిగేసరికి, జనవరి 22న, కన్నుమూశారు.

ఆయన పెట్టిన సవర బడుల సంగతి ఏమైందని మీరు అడగవచ్చు. అవి ఒక పెద్ద వ్యవస్థగా పెరగలేదు. ఒక మాస్టారి జేబులోంచి నడిచే బడులకు ఆ హద్దు ఉంటుంది. కానీ ఆలోచన బతికింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతుల బోధన మొదలుపెట్టింది. వాటిలో సవర ఒకటి. ఆ తర్వాత ఒడిశా కూడా ఇలాంటి పథకమే చేపట్టింది. పిల్లవాడు మొదట తన భాషలో చదవడం, రాయడం మొదలుపెట్టి, మెల్లగా తెలుగులోకో ఒడియాలోకో, ఆపైన ఇంగ్లీషులోకో రావడం ఆ పథకాల పద్ధతి. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పింది.

మరి మన సంగతి?

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మనది ఇంగ్లీషు మీడియం స్కూల్. మీరు ఫీజు కట్టి పిల్లలను ఇక్కడ చేర్చింది ఇంగ్లీషు బాగా రావాలనే. ఆ కోరికలో తప్పు లేదు. గిడుగు వారి సవర వ్యాకరణం కూడా ఇంగ్లీషులో రాసిందే. ఆయన ఇంగ్లీషు బడిలో చదివి, ఇంగ్లీషు పుస్తకాలతో వాదన చేసి, ఇంగ్లీషు అధికారులను ఒప్పించబోయిన మనిషి. ఒక భాష వచ్చాక ఇంకొకటి నేర్చుకోవడం ఆయనకు బరువు కాలేదు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు, సవర, అన్నీ ఆ ఒక్క తలలోనే ఉన్నాయి.

ఇమ్మర్షన్ పద్ధతికి మంచి పేరు తెచ్చినది కెనడాలో 1965లో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్లో మొదలైన ప్రయోగం. అక్కడ ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల పిల్లలను కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో చదివించారు. పిల్లలకు ఫ్రెంచి బాగా వచ్చింది, ఇంగ్లీషూ దెబ్బతినలేదు. దాన్ని చూపించి, చూశారా, బడి భాషలో ముంచేస్తే చాలు అంటుంటారు కొందరు. కానీ ఆ పిల్లల ఇళ్లలో ఏం జరిగిందో కూడా చూడాలి. ఇంట్లో ఇంగ్లీషు మానేయమని ఎవరూ చెప్పలేదు. అమ్మా నాన్నలు ఇంగ్లీషులోనే కథలు చదివారు. వీధిలో, టీవీలో ఇంగ్లీషే. కొన్నేళ్లకు బడిలోనూ ఇంగ్లీషు పాఠం చేరింది. మాస్టార్లకు పిల్లల భాష వచ్చు. మొదట్లో పిల్లలు ఇంగ్లీషులో జవాబిచ్చినా ఊరుకున్నారు. రెండో భాష వచ్చి చేరిందే గాని, మొదటిది పోలేదు.

మన ఇళ్లలో కొన్నిసార్లు జరిగేది వేరు. మూడేళ్ల పాప బడిలో చేరిన వారం నుంచి ఇంట్లో తెలుగు తగ్గిపోతుంది. డ్రింక్ వాటర్, కమ్ హియర్, సిట్ ప్రాపర్లీ లాంటి చిన్న చిన్న ఆజ్ఞలే మిగులుతాయి. మనకు ఇంగ్లీషులో వచ్చినంత మేరకే పాపతో మాట్లాడతాం. వాన ఎందుకు పడుతుంది, తాతయ్య ఎందుకు కోప్పడ్డాడు, కుక్కపిల్ల ఎందుకు ఏడుస్తోంది అన్న పెద్ద సంభాషణలు ఆగిపోతాయి. నానమ్మ మాట్లాడటం తగ్గించేస్తుంది, తాను మాట్లాడితే పాప చదువు చెడుతుందేమోనని. నాలుగేళ్లు వచ్చేసరికి పాపకు తెలుగులో వాక్యం నిండదు, ఇంగ్లీషులోనూ నిండదు. కొండ మీద సవర పిల్లవాడికి ఇంటికెళ్తే తన భాష ఉండేది. ఈ పాపకు అది కూడా తగ్గిపోతోంది.

అడ్మిషన్ రోజునో, డైరీలోనో, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, దయచేసి ఆ మాటను ఇలా మార్చుకోండి: మీకు ఏ భాషలో బాగా మాట్లాడటం వచ్చో ఆ భాషలో మీ పిల్లలతో ఎక్కువగా మాట్లాడండి. ఇంగ్లీషు నేర్పే పని మా మీద పెట్టండి. అది మా బాధ్యత.

ఇంట్లో చేయగలిగినవి కొన్ని

• రోజుకు పావుగంటైనా పాపతోనో బాబుతోనో తెలుగులో తీరిగ్గా కబుర్లు చెప్పండి. ఈ రోజు బడిలో ఏం జరిగిందో వాళ్లను తెలుగులో చెప్పనివ్వండి. మధ్యలో ఇంగ్లీషు మాటలు దొర్లితే సరిదిద్దకండి. రెండు భాషలు నేర్చుకునే పిల్లలు రెండూ కలపడం మామూలే.

• పడుకునే ముందు తెలుగు కథ ఒకటి, ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఒకటి. రెండూ ఉండనివ్వండి. ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మ గురించి తెలుగులో మాట్లాడినా పర్వాలేదు.

• నానమ్మ, తాతయ్య, అమ్మమ్మలను వెనక్కి తగ్గనివ్వకండి. బీరకాయ పొట్టు, మడత మంచం, ముంజలు, వడియాలు, వీటిని పిల్లలు నేర్చుకునేది వాళ్ల దగ్గరే.

• మీ ఇంటి భాష ఉర్దూ, హిందీ, తమిళం, ఒడియా, లంబాడీ ఏదైనా కావచ్చు. పైన తెలుగు అన్నచోటల్లా మీ ఇంటి భాష అని చదువుకోండి. మన పిల్లల్లో చాలామందికి ఇంగ్లీషు మూడో భాష. అది మా టీచర్లకు తెలియాలి కాబట్టి, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో మీ క్లాస్ టీచర్‌కు చెప్పండి.

• బడిలో చేరిన మొదటి కొన్ని వారాల్లో బిడ్డ క్లాసులో నోరు విప్పకపోతే కంగారు పడకండి. వింటూ పోగుచేసుకునే దశ అది. కానీ ఇంటి భాషలో కూడా వయసుకు తగ్గ మాటలు రాకపోతే, రెండు భాషలు కదా అని సరిపెట్టుకోకుండా పిల్లల డాక్టర్‌ను కలవండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఆలస్యమైతే కారణం వేరే ఉంటుంది, దాన్ని త్వరగా తెలుసుకోవడం మంచిది.

మా టీచర్లకూ ఒక పని ఉంది. ఎల్‌కేజీ పిల్లవాడు దాహంగా ఉందని తెలుగులో అంటే ముందు నీళ్లివ్వాలి. తర్వాత ఇంగ్లీషులో ఎలా అడగాలో చెప్పాలి. తెలుగులో మాట్లాడినందుకు ఏ క్లాసులోనైనా బిడ్డ శిక్ష పడి ఇంటికి వస్తే, మాకు వెంటనే చెప్పండి.

ఈ ఆగస్టు 29న స్టేజి మీద ఆ ఫొటో కనిపించినప్పుడు మీ బిడ్డను దగ్గరికి పిలిచి ఆయన ఎవరో చెప్పండి. వ్యావహారిక భాష వంటి పెద్ద మాటలు వద్దు. తన క్లాసులో పిల్లలకు పాఠం ఎందుకు అర్థం కావడం లేదో తెలుసుకోవడానికి వాళ్ల భాష నేర్చుకున్న ఒక మాస్టారు అని చెప్పండి. ఐదేళ్ల బిడ్డకు ఆ మాట అర్థమవుతుంది. అది మీ ఇంటి భాషలోనే చెప్పండి.